ఒకే పాలు, రెండు ముద్దలు: కూరకు పనీర్, తీపికి ఛెనా

పాలు కాచి, పులుపు వేసి విరగ్గొట్టి, గుడ్డలో కట్టాలి. పాలకూర పనీర్‌కైనా రసగుల్లాకైనా మొదలు ఇదే. అయినా కూర కోసం చేసిన ముద్దతో రసగుల్లాలు చుడితే రబ్బరు బంతులు తయారవుతాయి. రసగుల్లాల కోసం చేసిన ముద్దను నూనెలో వేస్తే ఉప్మాలా విడిపోతుంది. మొదటిది పనీర్, రెండోది ఛెనా. రెండింటికీ తేడా మూడు చోట్ల వస్తుంది. పులుపు వేసే సమయానికి పాలు ఎంత వేడిగా ఉన్నాయి, ఆ పులుపులో ఎన్ని నీళ్ళు కలిపారు, ముద్దలోంచి నీళ్ళు ఎంతవరకు తీశారు. మిగతాదంతా వీటి తర్వాతే.

ముందు పాల సంగతి

పనీర్‌కు గేదె పాలు మేలు. వెన్న ఎక్కువ, ముద్ద గట్టిగా కడుతుంది, ముక్క కోస్తే అంచులు నిలబడతాయి. గేదె పాలు దొరకకపోతే ప్యాకెట్లలో ఫుల్‌క్రీమ్ పాలు తీసుకోండి, వాటిలో వెన్న 6 శాతం ఉంటుంది. టోన్డ్ పాలల్లో ఉండేది 3 శాతమే. వాటితోనూ పనీర్ వస్తుంది గానీ తక్కువ వస్తుంది, తింటే కాస్త పొడిగా తగులుతుంది.

ఛెనాకు లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఆవు పాలే కావాలి. ముద్ద మెత్తగా, చేత్తో మెదిపితే నున్నగా అయ్యేలా వస్తుంది. ఆవు పాలు లేకపోతే టోన్డ్ పాలు వాడండి. ఫుల్‌క్రీమ్ పాలతో రసగుల్లాలు మాత్రం చేయకండి. వెన్న ఎక్కువై, మెదిపేటప్పుడు నెయ్యి తేలి, ఉండలు పాకంలో విచ్చుకుపోతాయి.

నెలల తరబడి బయట నిలవుండే టెట్రాప్యాక్ పాలు రెండింటికీ పనికిరావు. ఆ పాలను 135 డిగ్రీలు దాటేదాకా వేడి చేస్తారు. ఆ వేడికి పాలలోని మాంసకృత్తులు ముందే మారిపోయి ఉంటాయి కాబట్టి, ఎంత నిమ్మరసం పిండినా మెత్తటి రవ్వలా విరుగుతాయి తప్ప ముద్ద కట్టవు. తప్పు మీ చేతిది కాదు, డబ్బాది.

లీటరు ఫుల్‌క్రీమ్ పాలకు సుమారు 200 గ్రాముల పనీర్, లీటరు ఆవు పాలకు 150 గ్రాముల ఛెనా వస్తుందనుకుని కొలతలు వేసుకోండి.

పనీర్ చేయడం

అడుగు మందంగా ఉన్న గిన్నెలో ముందు రెండు చెంచాల నీళ్ళు పోసి చుట్టూ తిప్పండి, అడుగంటడం తగ్గుతుంది. లీటరు పాలు పోసి మధ్య మంట మీద, మధ్యమధ్య గరిటెతో అడుగు కదుపుతూ కాచండి. పొంగు రాగానే పొయ్యి కట్టేసి రెండు నిమిషాలు ఆగండి. ఇప్పుడు పాలు 85, 90 డిగ్రీల మధ్య ఉంటాయి. పనీర్‌కు కావలసిన వేడి అదే.

పులుపుకు మూడు దారులున్నాయి. రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసంలో అంతే నీళ్ళు కలపండి. లేదా రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు. లేదా కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 2 గ్రాములు, అంటే సుమారు అర టీస్పూను, ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో కరిగించండి. ఎప్పుడూ ఒకే ఫలితం రావాలంటే నిమ్మ ఉప్పే నమ్మదగింది. నిమ్మకాయ పులుపు కాయకాయకీ మారుతుంది, వెనిగర్ వాసన కడిగినా కొంచెం మిగులుతుంది.

సగం పులుపు పోసి గరిటెతో నెమ్మదిగా, రెండు మూడు సార్లు మాత్రమే తిప్పండి. అర నిమిషం ఆగి, మిగతాది చెంచా చెంచాగా పోయండి. పాలు విరిగి, పక్కన నిలిచిన నీరు లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో తేటగా కనిపించగానే ఆపేయండి. పులుపు ఇంకా మిగిలి ఉన్నా సరే, పోయకండి. నీరు ఇంకా పాలరంగులోనే ఉంటే పొయ్యి వెలిగించి ఒక్క నిమిషం వేడి చేసి మరో చెంచా పోయండి. గరిటెతో గబగబా కలిపితే మాత్రం ముద్ద నలిగి, సన్నటి రవ్వంతా తేటనీళ్ళతో పాటు గుడ్డలోంచి జారిపోతుంది.

ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, జల్లెడ మీద పలచటి నూలు గుడ్డ పరిచి వంచండి. కింద గిన్నె పెట్టుకోండి, తేటనీళ్ళతో పనుంది. పైన ఒక గ్లాసు మంచినీళ్ళు పోసి పులుపు కడిగి, ముద్ద వేడిగా ఉండగానే గుడ్డను నాలుగు మూలలా మడిచి రెండు సెంటీమీటర్ల మందంలో బిళ్ళలా సర్దండి. మీద పళ్ళెం, దాని మీద రెండు కిలోల బరువు పెట్టండి. నీళ్ళు నింపిన గిన్నె చాలు, ఇంట్లో చిన్న పొత్రం ఉంటే ఇంకా మంచిది. అరగంట నుంచి నలభై నిమిషాలు. తర్వాత ఆ బిళ్ళను గంటసేపు ఐసు నీళ్ళలో ముంచి ఉంచాలి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. ముక్కలు చక్కగా తెగేది ఈ చల్లదనంతోనే. చన్నీళ్ళలో ముంచి, రోజూ నీళ్ళు మారుస్తూ ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది.

పనీర్ పొడిపొడిగా వచ్చిందంటే పులుపు ఎక్కువైంది, లేదా ముద్ద చల్లారాక బరువు పెట్టారు. రబ్బరులా సాగితే, విరిగిన తర్వాత కూడా పొయ్యి మీద మరగనిచ్చారు. రబ్బరుకు మందు లేదు. పొడికి ఉంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా వేయించి, పసుపు, కారం వేసి ఆ పొడిని కలిపితే ఐదు నిమిషాల్లో చపాతీల్లోకి పనీర్ బుర్జీ.

ఇంకొక మాట. దోసె మీద తురిమితే కరిగే చీజ్‌లా పనీర్ కరగదు. పులుపుతో, అంత వేడిలో గడ్డకట్టిన మాంసకృత్తులు మళ్ళీ సెగ తగిలితే మెత్తబడతాయి తప్ప పారవు. అందుకే పనీర్‌ను ముక్కలుగా వేయించగలం. కరుగుతుందేమోనని పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచితే నీరంతా పోయి గట్టిపడుతుంది, అంతే.

మిరియాల పనీర్ వేపుడు

200 గ్రాముల పనీర్‌ను అంగుళం కన్నా కాస్త చిన్న ముక్కలుగా కోసి, పొడి గుడ్డతో అద్దండి. తడి ఉంటే నూనె చిట్లుతుంది, ముక్క పెనానికి అంటుకుంటుంది. పావు టీస్పూను పసుపు, అర టీస్పూను ఉప్పు, అర టీస్పూను కారం, ఒక టేబుల్ స్పూను బియ్యప్పిండి చల్లి ముక్కలు విరగకుండా కలపండి.

ఇనుప పెనం బాగా కాలాక ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనె వేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, నిమిషం పాటు ముట్టుకోకండి. ముక్క తనంతట తాను పెనాన్ని వదులుతుంది. అప్పుడే తిప్పాలి. రెండు పక్కలా బంగారు రంగు రావడానికి మొత్తం మూడు, నాలుగు నిమిషాలు. తీసి పక్కన పెట్టండి.

అదే పెనంలో ఇంకో అర చెంచా నూనెతో అర టీస్పూను జీలకర్ర, దంచిన ఆరు వెల్లుల్లి రేకలు, రెండు రెబ్బల కరివేపాకు, నిలువుగా చీల్చిన రెండు పచ్చిమిరపకాయలు, నిలువుగా తరిగిన ఒక ఉల్లిపాయ వేసి పెద్ద మంట మీద వేయించండి. ఉల్లిపాయ అంచులు ఎర్రబడగానే పనీర్ వేసి, అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచిన ఒక టీస్పూను మిరియాలు చల్లి, రెండు సార్లు ఎగరేసి దించండి. మిరియాలు ముందే వేస్తే ఘాటు వాసన పోయి చేదు మిగులుతుంది. ఈ వేపుడు చారన్నంలోకి, పప్పన్నంలోకి నంచుకోవడానికి బాగుంటుంది. చల్లారితే సగం రుచి పోతుంది, కాబట్టి అన్నం వడ్డించాకే పెనం ఎక్కించండి.

పాలకూర పనీర్

ఇందులో పనీర్‌ను వేయించకండి. హోటళ్ళలో వేయించేది ముక్క చెదరకూడదని. ఇంట్లో చేసిన తాజా పనీర్‌ను పచ్చిగానే వేస్తే మసాలా పీల్చుకుని మెత్తగా ఉంటుంది. కొన్న గట్టి పనీర్ అయితే పది నిమిషాలు ఉప్పు వేసిన వేడినీళ్ళలో ఉంచితే సర్దుకుంటుంది.

మూడు వందల గ్రాముల పాలకూరను మరిగే నీళ్ళలో, మూత పెట్టకుండా, రెండు నిమిషాలు మాత్రమే ఉంచి వెంటనే చన్నీళ్ళలో వేయండి. మూత పెడితే ఆకులోంచి వచ్చే ఆమ్లాలు ఆవిరితో బయటికి పోలేక గిన్నెలోనే ఉండి ఆకుపచ్చ రంగును చంపేస్తాయి. కూర బురద రంగులోకి మారడానికి టమాటా కూడా అదే కారణం చేత తోడవుతుంది. ఒక చిన్న టమాటాలో సగం మించి వేయకండి. ఆకును రెండు పచ్చిమిరపకాయలతో, నానబెట్టిన ఎనిమిది జీడిపప్పులతో రుబ్బండి.

రెండు టేబుల్ స్పూన్ల నూనెలో అర టీస్పూను జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఒక టీస్పూను అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించి, టమాటా, అర టీస్పూను ధనియాల పొడి వేసి మగ్గనివ్వండి. పాలకూర ముద్ద, అర గ్లాసు పనీర్ తేటనీళ్ళు పోసి మూడు నిమిషాలు ఉడికాక పనీర్ ముక్కలు వేసి మరో రెండు నిమిషాలు. పాలకూరకు సహజంగానే కాస్త ఉప్పదనం ఉంటుంది కాబట్టి ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి.

ఛెనా చేయడం

లీటరు ఆవు పాలు కాచి దించాక ఈసారి తొందరపడకూడదు. మూత లేకుండా ఎనిమిది, పది నిమిషాలు ఆరనిచ్చి, కట్టిన మీగడ తీసేయండి. పాలు 70, 75 డిగ్రీలకు దిగాలి. ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నిమ్మరసంలో అర గ్లాసు నీళ్ళు కలిపి, అంటే పనీర్ కన్నా బాగా పలచగా చేసి, చెంచా చెంచాగా పోస్తూ నెమ్మదిగా తిప్పండి. తేట కనబడగానే గుప్పెడు ఐసు ముక్కలు గిన్నెలో వేసేయండి. వేడి అక్కడితో ఆగిపోతుంది, ముద్ద ఇంక గట్టిపడదు. రసగుల్లా మెత్తగా రావడానికి ఇంతకంటే పెద్ద కిటుకు లేదు.

గుడ్డలో వంపి, చన్నీళ్ళు పోసి రెండుసార్లు కడగండి. పులుపు మిగిలితే తీపిలో తెలిసిపోతుంది. మూట కట్టి కుళాయికి అరగంట, నలభై నిమిషాలు వేలాడదీయండి. బరువు పెట్టకండి, గట్టిగా పిండకండి. పిడికిట్లో పట్టి నొక్కితే నీటి చుక్క రాలకూడదు, కానీ అరచేయి తడిగా అనిపించాలి. నీళ్ళు ఎక్కువుంటే ఉండ పాకంలో పరుచుకుపోతుంది, మరీ పొడిబారితే పగులుతుంది.

రసగుల్లాలు

వెడల్పాటి పళ్ళెంలో ఛెనా వేసి అరచేతి మడమతో ముందుకు తోస్తూ ఎనిమిది నుంచి పది నిమిషాలు మెదపండి. మొదట రవ్వరవ్వగా ఉంటుంది, ఐదు నిమిషాలకు అతుక్కోవడం మొదలవుతుంది. చివరికి పళ్ళేన్ని వదిలి నున్నటి ముద్దయి, అరచేతికి కొంచెం జిడ్డు తగులుతుంది. ఆ జిడ్డు తగిలిన క్షణమే ఆపాలి. ఇంకా మెదిపితే నెయ్యి బయటికొచ్చి ముద్ద పట్టు వదిలేస్తుంది. ముద్ద మరీ మెత్తగా ఉందనిపిస్తే ఒక టీస్పూను మైదా కలపండి. అంతకు మించితే రసగుల్లా కాస్తా పిండి ఉండవుతుంది.

పన్నెండు ఉండలు చేయండి. ఒక్కోటి 12 గ్రాములు, పెద్ద ఉసిరికాయ కన్నా చిన్నది. మీద ఒక్క గీత కూడా ఉండకూడదు. గీత ఉన్నచోటే పాకంలో పగులుతుంది. చేసినవి ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచండి.

300 గ్రాముల పంచదారకు లీటరుంపావు నీళ్ళు. గులాబ్ జామూన్ పాకానికి అలవాటు పడ్డవాళ్ళకు ఇది మరీ నీళ్ళగా అనిపిస్తుంది, అలాగే ఉండాలి. చిక్కటి పాకం ఉండలోపలి నీటిని లాగేసి దాన్ని ఉబ్బనివ్వదు. ఉండలు రెండింతలవుతాయి కాబట్టి వెడల్పాటి గిన్నె తీసుకోండి, ఇరుకైతే ఒకదానికొకటి ఒత్తుకుని చొట్టలు పడతాయి. పాకం తెర్లుతుండగా ఉండలు ఒక్కొక్కటిగా వదిలి, మూత పెట్టి, మంట తగ్గించకుండా ఐదు నిమిషాలు, తర్వాత కాస్త తగ్గించి పది నిమిషాలు. నాలుగైదు నిమిషాలకోసారి గిన్నె అంచు నుంచి పావు కప్పు వేడినీళ్ళు పోస్తూ ఉండండి, పాకం చిక్కబడకుండా. చన్నీళ్ళు పోస్తే మరుగు తగ్గి ఉండలు అణిగిపోతాయి.

ఒక ఉండ తీసి గ్లాసు నీళ్ళలో వేస్తే మునగాలి. తేలితే ఇంకో రెండు నిమిషాలు ఉడికించండి. దించాక పాకంలోనే నాలుగైదు గంటలు ఉంచాలి. ఏలకుల పొడి గానీ పన్నీరు చుక్కలు గానీ చల్లారాకే. (ఇక్కడ పన్నీరంటే గులాబీ నీళ్ళు. పనీర్‌తో కలిపేసుకోకండి!)

ఉండలు పాకంలో కరిగిపోతే, మెదపడం చాలలేదు లేదా నీళ్ళు మిగిలాయి. నమిలితే కీచుమంటే, పాలు మరీ వేడిగా ఉండగా విరగ్గొట్టారు. మిగిలిన ఛెనాలో మూడో వంతు పంచదార కలిపి సన్నటి సెగ మీద ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ, మూకుడు అంచులు వదలగానే దించి బిళ్ళలు ఒత్తితే బెంగాలీల సందేశ్ తయారు. ఇంకాస్త ఉంచుదామనుకుంటే ఇసుకలా అవుతుంది.

రసగుల్లా మాదంటే మాదని బెంగాల్, ఒడిశా చాలా ఏళ్ళు పోట్లాడుకుని, 2017లో బెంగాల్, 2019లో ఒడిశా వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాయి. పైన చెప్పినది బెంగాలీ పద్ధతి, తెల్లగా స్పాంజిలా ఉండేది. ఒడిశాది ఇంకా మెత్తగా, లేత గోధుమరంగులో ఉంటుంది.

ఛెనా పోడా, కుక్కర్‌లో

శ్రీకాకుళం దాటి ఒడిశాలోకి వెళ్తే మిఠాయి కొట్లలో కనిపించే, పైన నల్లగా కాలిన కేకు లాంటిది ఇదే. నయాగఢ్ దీనికి పేరున్న ఊరు. పోడా అంటే కాల్చినది. రసగుల్లా అంత ఒడుపు దీనికి అక్కరలేదు, మొదటిసారి తీపి చేసేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టడం మంచిది.

రెండు లీటర్ల పాల ఛెనా, అంటే సుమారు 300 గ్రాములు. ఇది కాస్త తడిగానే ఉండాలి, ఇరవై నిమిషాలు వేలాడదీస్తే చాలు. దీంట్లో 100 గ్రాముల పంచదార, రెండు టేబుల్ స్పూన్ల బొంబాయి రవ్వ, ఒక టేబుల్ స్పూను నెయ్యి, అర టీస్పూను ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి చేత్తో ఐదు నిమిషాలు కలపండి. పంచదార కరిగేకొద్దీ ముద్ద తనే జారుగా అవుతుంది, కాబట్టి నీళ్ళు ముందే పోయకండి. పది నిమిషాలు నానాక గారెల పిండి కన్నా కొంచెం పలచగా ఉండాలి. గట్టిగా ఉంటేనే రెండు చెంచాల తేటనీళ్ళు. జీడిపప్పు, కిస్‌మిస్ కలపండి.

ఒడిశాలో సాల ఆకుల్లో చుట్టి నిప్పుల మీద గంటలకొద్దీ కాలుస్తారు. మనకు అరిటాకు ఉంది. ఆకును మంట మీద వాడ్చి, నెయ్యి రాసి, గిన్నెలో పరిచి పిండి పోయండి. ఆకు లేకపోతే గిన్నె అడుగున రెండు చెంచాల పంచదారను ఎర్రగా కరిగించి, అది చల్లారాక పిండి పోయండి.

కుక్కర్ గాస్కెట్, విజిల్ రెండూ తీసేయండి. అడుగున కప్పు రాళ్ళ ఉప్పు పరిచి, మీద చిన్న స్టాండు పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు కాలనిచ్చి గిన్నె దింపండి. నీళ్ళు పోయకూడదు, ఇది ఆవిరి వంట కాదు. సన్నటి సెగ మీద 50 నుంచి 60 నిమిషాలు. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి, అంచులు ముదురు గోధుమరంగుకు తిరగాలి. ఆ రంగు పాలలోని చక్కెర, మాంసకృత్తులు, వేసిన పంచదార కలిసి మాడడం వల్ల వచ్చేది. భయపడి లేత రంగులోనే దించేస్తే మిగిలేది తీపి ఇడ్లీ. పూర్తిగా చల్లారాకే కోయాలి, వేడిగా కోస్తే కత్తికి అంటుకుని విరిగిపోతుంది.

తేటనీళ్ళు

లీటరు పాలకు మూడు పావుల దాకా తేటనీళ్ళు వస్తాయి. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. చపాతీ పిండి వీటితో కలిపితే చపాతీలు చల్లారాక కూడా మెత్తగా ఉంటాయి. చారులో నీళ్ళకు బదులు పోయండి, చింతపండు మాత్రం కాస్త తగ్గించుకోండి. పప్పు ఉడికించడానికి వాడకండి, పులుపుకు కందిపప్పు తొందరగా ఉడకదు. ఉడికి మెదిపాక పలచన చేయడానికైతే పోసుకోవచ్చు.